ఇరుసు మీద వరస

ముందు చక్రం ఇంటి దగ్గరే మార్చాక బండి పట్టేస్తున్నా, ఊగుతున్నా, మీటరు తిరగకపోయినా తప్పును ఎక్కడ వెతకాలి?

మోటారు సైకిల్ ముందు చక్రంలో ఇరుసు తిరగదు. ఎడ్లబండిలో లాగే ఇరుసు కదలకుండా ఉంటే, దాని చుట్టూ చక్రం తిరుగుతుంది. ఎడ్లబండి ఇరుసు కొసన శీల ఉంటుంది, ఇక్కడ నట్టు ఉంటుంది. శీల చేసే పని చక్రం ఊడి రాకుండా ఆపడం వరకే. నట్టు పని అంతకంటే పెద్దది. ఇరుసు మీద ఉన్న కాలర్లను, బేరింగుల లోపలి రింగులను, మీటరు గేరును రెండు షాకబ్జర్ల మధ్య నొక్కిపట్టి, అన్నిటినీ ఒకే కడ్డీలా చేస్తుంది. ఆ కడ్డీ చుట్టూ చక్రం తేలిగ్గా తిరగాలి. ఇంటి దగ్గర చక్రం మార్చుకున్నాక ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం కొత్త చక్రంలో ఉండవు, ఈ వరసలో ఉంటాయి. ఒక భాగం తప్పిపోవడమో, తిరగబడటమో, పూర్తిగా కూర్చోకపోవడమో జరిగి ఉంటుంది.

వరసలో ఏమేం ఉంటాయి

డ్రమ్ము బ్రేకున్న వంద సీసీ బండిని తీసుకుంటే, ఒక షాకబ్జర్ నుంచి రెండోదాని వరకు వచ్చే భాగాలివి: ముందు ఒక కాలరు, దాన్ని చుట్టుకుని ఆయిల్ సీలు, తరువాత మొదటి బేరింగు. హబ్బు కడుపులో కంటికి కనిపించని స్పేసర్ గొట్టం. అటు పక్క రెండో బేరింగు, ఆపైన బ్రేకు షూలు మోసే బ్రేకు ప్లేటు. మీటరు గేరు కొన్ని బళ్లలో బ్రేకు ప్లేటులోనే ఉంటుంది, మరికొన్నింటిలో విడిగా ఉంటుంది. డిస్కు బళ్లలో బ్రేకు ప్లేటు బదులు ఇంకో కాలరో, మీటరు గేరో వస్తుంది.

వీటిలో తిరిగేవి, తిరగనివి వేరుచేసి చూస్తే తప్పు పట్టుకోవడం సులువు. కాలర్లు, బేరింగుల లోపలి రింగులు, స్పేసర్ గొట్టం, బ్రేకు ప్లేటు ఇరుసుతో పాటు నిలిచిపోతాయి. హబ్బు, దానిలో దిగిన బేరింగుల బయటి రింగులు, డ్రమ్ము, డిస్కు చక్రంతో పాటు తిరుగుతాయి. ఈ రెండు జట్ల మధ్య బేరింగు గుళ్లు, ఆయిల్ సీలు పెదవి, మీటరు గేరు పళ్లు తప్ప మరేదీ తగలకూడదు. బ్రేకు పట్టినప్పుడే షూలో ప్యాడ్లో తగలాలి.

కొత్త చక్రం కొనేముందు

టైరు మీది అంకెలు మొదటి ఆధారం. 2.75-18 అంటే టైరు వెడల్పు 2.75 అంగుళాలు, అది కూర్చునే రిమ్ము వ్యాసం 18 అంగుళాలు. 80/100-18 అంటే వెడల్పు 80 మి.మీ., టైరు ఎత్తు ఆ వెడల్పుకు నూటికి నూరు శాతం, రిమ్ము 18 అంగుళాలు. పాత బుల్లెట్‌కు ముందు 3.25-19 వచ్చేది. రిమ్ము వ్యాసం ఒకటే అయినంత మాత్రాన చక్రం సరిపోయినట్టు కాదు. ఒకే మోడల్లో డ్రమ్ము రకానికీ డిస్కు రకానికీ హబ్బు వేరు, కాలర్ల పొడవు వేరు. ఇరుసు మందం, హబ్బు వెడల్పు, డ్రమ్ము లోపలి వ్యాసం లేదా డిస్కు బోల్టుల రంధ్రాలు పాతదానితో కలవాలి. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ పుత్లీబౌలిలోనో కొనేవారు పాత చక్రాన్ని వెంట తీసుకెళ్లి, రెండు హబ్బులూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మేలు.

విడిగా అమ్మే చక్రానికి తరచూ బేరింగులు, సీళ్లు, కాలర్లు, స్పేసర్ గొట్టం ఉండవు. పాత హబ్బులోంచి తీసి వేసుకోవాలి, లేదా కొత్తవి కొనాలి. ఇంటికొచ్చాక పుట్టే తంటాలకు ఇదే మొదటి చోటు.

బేరింగు అంచు మీద చెక్కిన అంకెలు చదవడం తేలికే. చివరి రెండంకెలు లోపలి రంధ్రం కొలత చెబుతాయి. 00 అంటే 10 మి.మీ., 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. 04 నుంచి ఆ అంకెను 5తో గుణించాలి. 6301కీ 6201కీ లోపలి రంధ్రం 12 మి.మీ.లే కాబట్టి రెండూ ఒకే ఇరుసు మీదికి ఎక్కుతాయి. కానీ 6301 బయటి వ్యాసం 37 మి.మీ., 6201ది 32. ఒకదాని గూట్లో రెండోది నిలవదు. అంకె తరువాత 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు మూత, జడ్‌జడ్ అని ఉంటే రేకు మూత. వాననీళ్లు, బురద తగిలే చక్రానికి రబ్బరు మూతలది మెరుగు.

విప్పేటప్పుడే సగం పని

బండిని సమతలంగా ఉన్న నేల మీద డబుల్ స్టాండు వేసి నిలపాలి. ఇరుసు నట్టును చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేసుకోవాలి. గాల్లోకి లేపాక పానాతో బలంగా లాగితే బండి స్టాండు మీంచి దిగిపోవచ్చు. ఆ తరువాత ఇంజను కింద చెక్క దిమ్మె పెట్టి ముందు భాగం లేపాలి. సైడు స్టాండు మీద ఈ పని చేయకూడదు.

మీటరు కేబుల్, బ్రేకు కేబుల్ విప్పి పక్కకు కట్టేయాలి. డిస్కు బండి అయితే క్యాలిపర్‌ను దాని గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టాలి. నేల మీద పాత పేపరు పరిచి, ఇరుసు మీంచి ఏది ఏ వైపు నుంచి వచ్చిందో అదే వరసలో, వచ్చిన ముఖం పైకి ఉండేలా పేర్చుకోవాలి. కాలర్లలో చాలావాటికి ఒక వైపు పొడవైన మెడ, ఇంకో వైపు అంచు ఉంటాయి. ఒక్కో భాగం తీసే ముందు ఫోన్లో ఫొటో తీసుకుంటే తరువాత వాదన ఉండదు.

ఇరుసు రాకపోతే, దూరకపోతే

నట్టు ఊడినా ఇరుసు కదలకపోవడానికి తుప్పు ఒక కారణం. చక్రం బరువంతా దాని మీద వేలాడటం మరో కారణం. టైరు కింద పాదం కొన దూర్చి చక్రాన్ని కొద్దిగా పైకెత్తితే చాలాసార్లు అదే జారి వస్తుంది. తుప్పు పట్టినదానికి తుప్పు వదిలించే నూనె చల్లి కాసేపు ఆగాలి. మర మీద నేరుగా సుత్తితో కొడితే కొన ఉబ్బి నట్టు మళ్లీ ఎక్కదు. నట్టును ఇరుసు కొసతో సమంగా ఎక్కించి, మధ్యలో చెక్కముక్కో ఇత్తడి కడ్డీయో పెట్టి తట్టాలి.

తీసిన ఇరుసును అద్దం పలక మీద దొర్లిస్తే వంకర తెలిసిపోతుంది. చాలా బళ్లకు అనుమతించే వంకర 0.2 మి.మీ. మాత్రమే. కంటికి కనిపించేంత వంగినదాన్ని కొట్టి సరిచేసి వాడకూడదు.

కొత్త చక్రంలో ఇరుసు సగం దూరి ఆగిపోతే టార్చి వేసి హబ్బులోకి చూడాలి. స్పేసర్ గొట్టం పక్కకు జారి, దాని అంచు అడ్డంగా కనిపిస్తుంది. స్క్రూడ్రైవరుతో దాన్ని మధ్యకు తెస్తే ఇరుసు సాఫీగా పోతుంది. హబ్బు అవతలి వైపు నుంచి బయటికొచ్చినా రెండో షాకబ్జర్ రంధ్రంలో దూరకపోతే, రెండు షాకబ్జర్లూ ఒకే ఎత్తులో లేవన్నమాట. సుత్తి దెబ్బతో దూరిస్తే ఆ తేడా అలాగే ఉండిపోయి, తరువాత బండి పక్కకు లాగుతుంది.

నట్టు బిగిస్తే చక్రం పట్టేస్తే

ఇది అందరినీ ఎక్కువగా తికమక పెట్టే చిక్కు. నట్టు చేత్తో తిప్పినంత సేపూ చక్రం గిర్రున తిరుగుతుంది. పానాతో ఆఖరి చుట్టు తిప్పేసరికి బరువెక్కుతుంది, ఇంకాస్త బిగిస్తే ఆగిపోతుంది. చాలామంది ఇక్కడ నట్టును అర చుట్టు వెనక్కి వదిలి సర్దుకుంటారు. చక్రం తిరుగుతుంది గానీ తప్పు అలాగే ఉంటుంది, పైగా ఇరుసు నట్టు వదులైపోతుంది. ఇది చాలా ప్రమాదకరమైన సర్దుబాటు.

నట్టు నొక్కిన బలం షాకబ్జర్ నుంచి కాలరుకు, కాలరు నుంచి బేరింగు లోపలి రింగుకు, అక్కణ్నుంచి స్పేసర్ గొట్టానికి, మళ్లీ రెండో బేరింగు లోపలి రింగుకు చేరి అవతలి షాకబ్జర్ దగ్గర ఆగాలి. ఇనుము మీద ఇనుము ఆనుతూ సాగే ఈ దారిలో గుళ్ల మీద పక్క బరువు పడదు. గొట్టం లేకపోయినా, కొంచెం పొట్టిదైనా లోపలి రింగులకు మధ్యలో ఆసరా ఉండదు. అవి ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. బయటి రింగులేమో హబ్బు గూట్లో ఆగిపోయి ఉంటాయి. మధ్యలో నలిగేవి గుళ్లు. ఆ స్థితిలో బండి నడిపితే బేరింగులు వేడెక్కి త్వరలోనే గరగరలాడటం మొదలుపెడతాయి.

కాబట్టి నట్టు బిగింపుతో పాటే చక్రం బరువెక్కుతుంటే వరసగా నాలుగు చోట్ల చూడాలి. హబ్బులో గొట్టం ఉందా, అది ఆ హబ్బుకు చెందినదేనా? మొదటి బేరింగు గూడు అడుగుదాకా, రెండోది గొట్టాన్ని తాకేదాకా దిగాయా? బయటి కాలర్లు సరైన వైపున, సరైన ముఖంతో ఉన్నాయా? మీటరు గేరు గాడిలో హబ్బు కొమ్ములు దూరాయా? నాలుగోది తప్పితే గేరు రెండు ఇనుముల మధ్య చితికిపోతుంది.

నట్టు వదులుగా ఉన్నప్పుడే చక్రం బరువుగా తిరిగితే కారణం వేరు. బ్రేకు పట్టి ఉండాలి, లేదా రెండో బేరింగును అవసరానికి మించి కొట్టి దించి ఉండాలి. చక్రం తీసి బేరింగు లోపలి రింగును వేలితో తిప్పి చూస్తే రెండింటిలో ఏదో తెలుస్తుంది. వేలికి సాఫీగా తిరిగితే బ్రేకు వైపు, గింజలు నలిగినట్టు తగిలితే బేరింగు వైపు వెతకాలి.

బేరింగు దిగే తీరు

బేరింగును దించేటప్పుడు దెబ్బ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద కొడితే ఆ బలం గుళ్ల మీదుగా పోయి, అవి తిరిగే దారిలో సన్నని గుంటలు పడతాయి. బేరింగు కొత్తదే అయినా మొదటి రోజే గరగరమంటుంది. బయటి రింగంత వెడల్పున్న సాకెట్టో పాత బేరింగో అడ్డం పెట్టి, నాలుగు వైపులా సమంగా తట్టాలి. వంకరగా దిగుతుంటే ఆగి సరిచేసుకోవాలి. సరిగ్గా అడుగుకు చేరినప్పుడు సుత్తి చప్పుడు మారుతుంది. మెత్తని మోత పోయి గట్టిగా ఖంగుమంటుంది.

మొదటి బేరింగు పూర్తిగా దిగాక హబ్బు తిప్పి, స్పేసర్ గొట్టం వేసి, అప్పుడు రెండోది దించాలి. దాని లోపలి రింగు గొట్టాన్ని తాకగానే ఆగాలి. గొట్టం వేయడం మరిచి రెండో బేరింగు దించేస్తే దాన్ని మళ్లీ ఊడగొట్టక తప్పదు. ఊడగొట్టిన బేరింగును తిరిగి వాడటం మంచిది కాదు.

పల్లెల్లో ఆముదంలో గడ్డి మసి కలిపి ఎడ్లబండికి కందెన పెట్టేవారు. ఇక్కడ ఆ పని గ్రీజుది. ఇరుసు పొడవునా పలుచని పూత, సీలు పెదవికి కొద్దిగా, మీటరు గేరు పళ్లకు కొద్దిగా చాలు. ఎక్కువైతే వేడికి కరిగి డ్రమ్ములోకో డిస్కు మీదికో చేరి బ్రేకును పాడుచేస్తుంది.

డ్రమ్ము బ్రేకు

బ్రేకు ప్లేటు అంచున ఒక గాడి, షాకబ్జర్ లోపలి వైపు ఒక కొమ్ము ఉంటాయి. కొమ్ము గాడిలో కూర్చోవాలి. ఈ పనిలో ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఏదైనా ఉంటే అది ఈ గాడి తప్పడమే. గాడి తప్పినా చక్రం ఎక్కుతుంది, నట్టు బిగుస్తుంది, తోస్తే బండి కదులుతుంది. మొదటిసారి గట్టిగా బ్రేకు పట్టగానే ప్లేటు చక్రంతో పాటు గిర్రున తిరిగి, కేబుల్ చుట్టుకుని, ముందు చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. నట్టు బిగించే ముందు ప్లేటును రెండు చేతులా పట్టుకుని తిప్పబోతే ఏ మాత్రం తిరగకూడదు.

బ్రేకు ఒక పక్కే రాసుకుంటుంటే షూలు డ్రమ్ముకు మధ్యలో లేవని అర్థం. నట్టు వదులు చేసి, చక్రం తిప్పి, లివరు గట్టిగా నొక్కి పట్టుకుని అలాగే నట్టు బిగిస్తే షూలు వాటంతటవే మధ్యకు వస్తాయి. తరువాత లివరు కొసన 10 నుంచి 20 మి.మీ. ఖాళీ కదలిక ఉండేలా కేబుల్ సర్దాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ లోపు బళ్లలో, ఏబీఎస్ లేనివాటికి, రెండు బ్రేకులనూ కలిపే సీబీఎస్ తప్పనిసరి అయింది. అలాంటి బళ్లలో చాలావాటికి కాలి బ్రేకు తొక్కినా ముందు బ్రేకు కదులుతుంది కాబట్టి ఆ కేబుల్ బిగువు కూడా చూసుకోవాలి.

పాత షూలు కొత్త డ్రమ్ములో మొదటి కొన్ని రోజులు సరిగా పట్టకపోవచ్చు. అవి పాత డ్రమ్ము అరుగుదలకు తగ్గట్టు అరిగి ఉంటాయి. మెరుపెక్కిన ముఖాన్ని గరుకు కాగితంతో పలుచగా రుద్దితే పట్టు వస్తుంది. షూ మందం 2 మి.మీ.కు చేరితే మార్చేయాలి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకూడదు. పాత షూలలో ఆస్‌బెస్టాస్ ఉండే వీలుంది, తడిగుడ్డతో తుడవాలి.

డిస్కు బ్రేకు

చక్రం తీసి ఉండగా బ్రేకు లివరు నొక్కితే పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లు దగ్గరవుతాయి. తరువాత డిస్కు వాటి మధ్య దూరదు. దీనికి ముందుజాగ్రత్త ప్యాడ్ల మధ్య చెక్కపేడు పెట్టి ఉంచడం. అప్పటికే దగ్గరైతే పైన ఆయిల్ డబ్బా మూత తీసి, చెక్కతో ప్యాడ్లను నెమ్మదిగా వెనక్కి నెట్టాలి. డబ్బా నిండుగా ఉంటే ఆయిల్ పొంగి పెయింటును తినేస్తుంది. ముందుగా గుడ్డ చుట్టుకోవాలి, పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

చక్రం బిగించాక మొదటి నొక్కుకు లివరు హ్యాండిల్‌ను తాకేదాకా పోతుంది. కంగారు పడాల్సింది లేదు, బ్రేకు చెడిపోలేదు. వెనక్కి పోయిన పిస్టన్లు మళ్లీ ముందుకు రావాలి. లివరు గట్టిపడేదాకా పదేపదే నొక్కాలి. ఇది చేయకుండా బండి కదిలిస్తే మొదటి మలుపులోనే బ్రేకు ఉండదు. ఎంత నొక్కినా స్పాంజిలా మెత్తగానే ఉంటే గొట్టంలో గాలి చేరింది, దాన్ని తీయించాలి. డబ్బా మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఏది రాసి ఉంటే అదే పోయాలి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా నిలవాలి. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. అందుకే ఏళ్లతరబడి మూత తీసి ఉన్న సీసాలోది వాడకూడదు.

ఏబీఎస్ ఉన్న బళ్లలో హబ్బు పక్కన పళ్లున్న రింగు, దాని ఎదుట సెన్సరు ఉంటాయి. పాత చక్రం మీది రింగును కొత్తదానికి మార్చడం మరిచినా, సెన్సరు పక్కకు జరిగినా, మధ్యలో ఇనుప రజను చేరినా మీటరు మీద ఏబీఎస్ దీపం ఆరదు. బండి కదిలి కొద్ది వేగం అందుకున్నాకే ఆ దీపం ఆరడం మామూలు.

మీటరు తిరగకపోతే

కేబుల్‌తో నడిచే మీటరుకు చక్రమే ఆధారం. హబ్బు మీది రెండు కొమ్ములు గేరు రింగు గాడుల్లో దూరితేనే అది తిరుగుతుంది. పరీక్ష చిన్నది: కేబుల్ పై కొసను మీటరు నుంచి విప్పి, చక్రాన్ని చేత్తో తిప్పితే లోపలి తీగ తిరగాలి. తిరిగితే తప్పు మీటరులో, తిరగకపోతే గేరులోనో తెగిన తీగలోనో ఉంటుంది. గేరు గూడును కేబుల్ మెలి పడకుండా పైకి పోయే కోణంలో నిలిపి నట్టు బిగించాలి. మెలి పడిన తీగ కొద్ది వారాల్లో తెగుతుంది.

ఊగితే, పక్కకు లాగితే

చక్రం పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు టక్కుమంటే, ఆ కదలిక ఎక్కడ పుడుతోందో చూడాలి. హబ్బు దగ్గర అయితే బేరింగు లూజు. హ్యాండిల్ కింద మెడ దగ్గర అయితే అది స్టీరింగు గుళ్ల లోపం, చక్రానికి సంబంధం లేదు.

రిమ్ము వంకర తెలుసుకోవడానికి షాకబ్జర్‌కు ఒక తీగముక్క కట్టి, దాని కొనను రిమ్ముకు ఆనీ ఆననట్టు ఉంచి చక్రం తిప్పాలి. పక్కకైనా పైకిందులకైనా 2 మి.మీ. దాటితే ఎక్కువే. స్పోకుల చక్రానికి బెండు తీయించవచ్చు. స్పోకులను పానాతో ఒక్కొక్కటే తడితే బిగువున్నది తీగలా మోగుతుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. వంగిన లేదా చీలిన అల్లాయ్ చక్రాన్ని కొట్టి, వెల్డింగు పెట్టి వాడటం ప్రమాదం.

రిమ్ములో వంకర లేకపోయినా చక్రం ఎగిరితే టైరును అనుమానించాలి. టైరు అంచున రిమ్ము చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. అది అంతటా రిమ్ముకు సమాన దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి పోతే గాలి తీసి, సబ్బునీళ్లు రాసి, మళ్లీ నింపాలి. టైరు మీది బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే వైపే ఉండాలి. టైరు కొత్తదో నిల్వదో నాలుగంకెల ముద్ర చెబుతుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనది.

బండి ఒక పక్కకు లాగితే షాకబ్జర్లు మెలిపడి ఉండొచ్చు. ఇరుసు నట్టు కొద్దిగా వదులు చేసి, బండిని నేల మీద నిలిపి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను నాలుగైదు సార్లు కిందికి నొక్కి వదలాలి. షాకబ్జర్లు వాటి సహజ స్థానానికి వచ్చాక నట్టు బిగించాలి. ఇరుసును పట్టే చిన్న బోల్టు ఉన్న బళ్లలో ముందు నట్టు, తరువాత ఈ నొక్కుళ్లు, ఆఖర్న ఆ బోల్టు. అప్పటికీ తీరకపోయినా, ప్రమాదం తరువాతే ఈ లోపం మొదలైనా షాకబ్జర్ గొట్టాలే వంగి ఉంటాయి. అది ఇంటి పని కాదు. ఇరుసు మర చెడినా, ఆరని ఏబీఎస్ దీపమైనా మెకానిక్కు అప్పగించాల్సినవే.

రోడ్డెక్కే ముందు

ఇరుసు నట్టు బిగువు ఎంతో బండి పుస్తకంలో ఉంటుంది. చిన్న బళ్లకు అది తరచూ 45 నుంచి 65 న్యూటన్ మీటర్ల మధ్య. పావు మీటరు పొడవున్న పానా కొసన 22 కిలోల బరువు వేలాడితే పడేంత బలం దాదాపు 54 న్యూటన్ మీటర్లు. పానాకు పైపు తొడిగి బిగిస్తే మర తెగుతుంది. స్ప్లిట్ పిన్ను ఉంటే ప్రతిసారీ కొత్తది వేయాలి. నైలాన్ వలయం ఉన్న నట్టు చేత్తోనే తిరిగిపోతుంటే దాన్ని మార్చాలి.

గాలి చాలా బళ్లకు ముందు చక్రంలో 25 పౌండ్లు. చక్రం చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, బ్రేకు పడితే ఆగాలి, వదిలితే మళ్లీ తిరగాలి. హ్యాండిల్ పూర్తిగా అటూ ఇటూ తిప్పినా కేబుళ్లు లాగబడకూడదు. మొదట బండిని తోస్తూ బ్రేకు పట్టి చూసి, తరువాత రద్దీ లేని దారిలో నెమ్మదిగా నడపాలి. బ్రేకు పెద్దగా వాడకుండా పది నిమిషాలు తిరిగొచ్చాక హబ్బు దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. చల్లగా ఉంటే వరస కుదిరినట్టే. వేడిగా ఉంటే బ్రేకు రాసుకుంటోంది, లేదా బేరింగు నలుగుతోంది. మళ్లీ విప్పి చూడాల్సిందే. అంతా బాగున్నా వంద కిలోమీటర్లు తిరిగాక నట్టు బిగువు, స్పోకులు, బ్రేకు ఖాళీ ఒకసారి చూసుకుంటే చక్రం మార్చే పని పూర్తవుతుంది.